పదో తరగతి ప్రాజెక్టు: ‘గోన గన్నారెడ్డి’ మీద రాస్తే ‘ఇది విశ్లేషణ కాదు’ అని తిప్పి పంపారు

అనకాపల్లి_అమ్మ
మా పాపకి తెలుగు ప్రాజెక్టు కింద ఏదైనా ఒక చారిత్రక నవల చదివి ‘సాహిత్యాంశాలు విశ్లేషించండి’ అన్నారు. కాకతీయ రాణి రుద్రమదేవి కాలంలో జరిగే కథ, అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ తీసుకుంది. పుస్తకం మొత్తం చదివి పద్నాలుగు పేజీలు రాసింది. పైన ఎర్రసిరాతో ‘కథ చెప్పావు, విశ్లేషణ లేదు’ అని ఒక్క ముక్క రాసి వెనక్కిచ్చారు. ఇతివృత్తం, నేపథ్యం, పాత్రచిత్రణ, సంఘర్షణ, శైలి అని శీర్షికలన్నీ పెట్టింది. మరి ఇంకేం కావాలి? పది రోజులు గడువుంది.

తెలుగు_పంతులమ్మ
శీర్షికలు మార్చినా కింద కథే రాస్తే అది సారాంశమే అవుతుందండీ. ఒక పని చేయించండి. ఆ పద్నాలుగు పేజీలు ముందు పెట్టుకుని, పెన్సిల్‌తో ప్రతి వాక్యం పక్కన ఒక అంకె వేయమనండి. ‘ఏం జరిగింది’ అని చెప్పే వాక్యానికి 1. ‘రచయిత దాన్ని ఎలా చెప్పారు’ అనేదానికి 2. ‘అలా ఎందుకు చెప్పారు, దానివల్ల చదివేవాడికి ఏమైంది’ అనేదానికి 3. సాధారణంగా పదింట తొమ్మిది వాక్యాలకు 1 పడుతుంది. మూడో వంతుకు మించి 1 ఉండకూడదు. ఒకటో రకం వాక్యం రాసిన ప్రతిసారీ దాని వెనకాలే 2, 3 రావాలి. అంతే, ఇంతకు మించిన రహస్యం లేదు.

రాజాం_రవి
సినిమా చూసి రాయలేదు కదా? ‘గమ్మునుండవోయ్’ అని రాస్తే మాత్రం సార్లు వెంటనే పట్టేస్తారు. అది 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో గన్నారెడ్డి మాట.

అనకాపల్లి_అమ్మ
లేదండీ, పుస్తకమే చదివింది. రవిగారూ, సినిమా ఇంట్లో ఎవరూ పెట్టకుండా నేనే ఆపాను.

శాసనాల_వెంట
చారిత్రక నవలకీ మామూలు నవలకీ తేడా ఎక్కడుందో అక్కడే మొదలుపెట్టాలి. పాపతో ముందు మూడు గళ్ళ పట్టిక వేయించండి.

మొదటి గడి: చరిత్రకు తెలిసిన సంగతి.
రెండో గడి: నవల చెప్పేది.
మూడో గడి: ఈ తేడాతో రచయిత సాధించింది.

గన్నారెడ్డినే తీసుకోండి. రాయచూరు కోటలో ఒక పెద్ద రాతిపలక మీద 1294 నాటి శాసనం ఉంది. గోన గన్నారెడ్డి దగ్గర అధికారి అయిన విఠలనాథుడు ఆ కోట కట్టించిన సంగతి అందులో ఉంది. అంత బరువైన రాయిని బండి మీద లాక్కొస్తున్న బొమ్మ కూడా అక్కడే చెక్కారు. రుద్రమదేవి పోయిన ఐదేళ్ళకు, ప్రతాపరుద్రుడి ఏలుబడిలో వేయించిన శాసనం అది. అంటే శాసనంలో కనిపించే గన్నారెడ్డి కోటలున్న సామంతుడు. నవలలో కనిపించేవాడు గజదొంగ. ఆ సామంతుడి పడుచుదనం గురించి ఆ శాసనం ఏమీ చెప్పదు. ఆ ఖాళీని బాపిరాజుగారు దొంగతనంతో నింపారు. ఎందుకలా నింపారన్నదే పాప జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇంకో మాట. శాసనాల్లో శక సంవత్సరాలుంటాయి. 78 కలిపితే మన లెక్క వస్తుంది. నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం శక 1211, అంటే 1289. పువ్వుల ముమ్మడి అనే సైనికుడు, చనిపోయిన రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని వేయించింది. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న తిథులకైతే 79 కలపాలి. పిల్లలు ఇక్కడ ఒక ఏడాది పోగొట్టుకుంటారు.

కథన_శిల్పం
శాసనాల_వెంట గారితో నాకు పేచీ ఉంది. పిల్ల రాస్తున్నది తెలుగు ప్రాజెక్టు, సాంఘిక శాస్త్రం కాదు. ‘చరిత్రలో ఇలా లేదు, నవలలో అలా ఉంది’ అని పది పాయింట్లు రాసినంత మాత్రాన అది తప్పుల జాబితా అవుతుంది గానీ సాహిత్య విశ్లేషణ కాదు. చారిత్రక నవలల ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ముందు శిల్పం చూడనివ్వండి.

మొదలు చూడండి. రుద్రమ పట్టాభిషేకంతోనో గణపతిదేవుడి సభతోనో మొదలుపెట్టొచ్చు కదా? బాపిరాజుగారు ఒక పెళ్ళి దగ్గర మొదలుపెడతారు. ఆదవోని (ఇప్పటి ఆదోని) ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబికకూ, వర్ధమానపురం లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికీ పెళ్ళి. పెళ్ళికొడుకును గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. ఈ ఒక్క ఎత్తుగడతో మూడు పనులయ్యాయి. ఒకటి, ‘ఎందుకు ఎత్తుకుపోయాడు’ అని చదివేవాడు పేజీ తిప్పుతాడు. రెండు, లకుమయారెడ్డి గన్నారెడ్డికి పినతండ్రి కాబట్టి ఇంటి తగాదా బయటపడింది. మూడు, ఆ వియ్యం వెనక రుద్రమ అంటే గిట్టని సామంతుల పొత్తు ఉంది కాబట్టి రాజ్యం తగాదా కూడా అక్కడే మొదలైంది. ‘ఎత్తుగడ’ అనే శీర్షిక కింద ఈ మూడూ రాస్తే ఒకటిన్నర పేజీ వస్తుంది, అందులో కథ చెప్పింది నాలుగు లైన్లే ఉంటుంది.

శాసనాల_వెంట
తప్పుల జాబితా రాయమని నేనూ అనలేదండీ. మూడో గడి పెట్టింది అందుకే. అది ఖాళీగా వదిలేస్తే మీరన్నట్టే అవుతుంది, ఒప్పుకుంటాను.

పాలమూరు_పిలగాడు
గా వర్ధమానపురం అంటే మా దిక్కు నందివడ్డెమానే. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాల ఉన్నది. నేపథ్యం రాసేటప్పుడు పటం గీసి పెట్టున్రి. ఓరుగల్లు, వడ్డెమాను, ఆదవోని, రాయచూరు నాలుగు చుక్కలు పెట్టి నడుమల కృష్ణ, తుంగభద్ర గీస్తే చాలు. ఓరుగల్లుకు గా ఊర్లు ఎంత దూరమో కండ్లకు కనబడ్తది. రాజధానికి దూరమున్న సామంతుడు తిరగబడుడు ఎందుకు అల్కగైతదో వేరే చెప్పే పని ఉండది. ఉత్తగ ‘నేపథ్యం: కాకతీయుల కాలం’ అని రాస్తే మార్కులు రావు.

తెలుగు_పంతులమ్మ
పాలమూరు తమ్ముడు మంచి మాట చెప్పాడు. పటం అర పేజీకి మించకుండా చూసుకోవాలి. నేపథ్యమంటే ఊరూ కాలమూ మాత్రమే అనుకుంటారు పిల్లలు. ఆ చోటూ ఆ కాలమూ కాకపోతే ఈ కథ ఇలా నడిచేదా, అని అడగాలి. ఆడది సింహాసనం ఎక్కితే సామంతులు ఒప్పుకోని కాలం కాబట్టే ఈ కథ ఉంది. ఈ మాట రాస్తే నేపథ్యానికీ సంఘర్షణకీ ముడి పడుతుంది.

ఫ్రీమాంట్_మనబడి
ఇక్కడ అమెరికాలో మా తెలుగు బడిలో పై తరగతి పిల్లలకూ ఇలాంటి పనే ఇస్తాం. వాళ్ళు మాటల దగ్గరే ఆగిపోతారు. దండనాయకుడు, మహామాండలికుడు, అంగరక్షకుడు వరుసగా వచ్చేసరికి అందరూ ఒకటే అనిపిస్తారు. ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో చూసి ఇరవై ఐదు, ముప్పై మాటల పదకోశం ఒకటి ప్రాజెక్టు చివర పెట్టించండి. కాలం లెక్కలు కూడా అందులోనే. రోజుకు 60 ఘడియలు, ఘడియంటే 24 నిమిషాలు. జాముకు ఏడున్నర ఘడియలు, అంటే మూడు గంటలు. ‘రెండు జాముల రాత్రి’ అని ఉంటే అర్ధరాత్రి అని పిల్లకు వెంటనే తట్టాలి, లేకపోతే సన్నివేశంలో చీకటి కనిపించదు.

రాజాం_రవి
కాలదోషాల సంగతి, అంటే కథ జరిగిన కాలంలో లేనివి కథలోకి రావడం, ఎవరూ ఎత్తలేదే. చారిత్రక నవలకు అది ముఖ్యం కదా?

శాసనాల_వెంట
ముఖ్యమే, చూడటం కూడా తేలికే. తిండి దగ్గర మొదలుపెట్టండి. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జీడిపప్పు, బొప్పాయి, పొగాకు, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. వాటి రాక ఆ తర్వాతే. రుద్రమ కాలంలో కారమంటే మిరియాలు. పదమూడో శతాబ్దపు ఓరుగల్లులో ఎవరైనా పచ్చిమిరపకాయ నంజుకున్నా, పొగాకు చుట్ట కాల్చినా కాలదోషమే. కోట ముట్టడిలో ఫిరంగి పేలినా అంతే. డబ్బయితే మాడ, గద్యాణం, రూక ఉండాలి.

ఏ చారిత్రక నవలకైనా ఈ చూపు పనికొస్తుంది. దొరికితే రాయాలి, దొరక్కపోతే ‘వెతికాను, కనిపించలేదు’ అని రాసినా విలువే. దొరకలేదని పుట్టించకూడదు.

రాజాం_రవి
కాకతీయులకు మిరపకాయ బజ్జీ తెలియదంటే నిజంగా జాలేస్తోంది.

కథన_శిల్పం
కాలదోషం పట్టుకున్నాక అక్కడ ఆపకూడదు. వస్తువులో వచ్చిన కాలదోషం వేరు, ఆలోచనలో వచ్చింది వేరు. పదమూడో శతాబ్దపు సామంతుడు ‘తెలుగు జాతి అంతా ఒక్కటి కావాలి’ అన్నట్టు ఆలోచిస్తే అది రచయిత కాలం లోపలికి వచ్చిందన్న మాట. బాపిరాజుగారు ఈ నవల రాసింది 1940లలో. ఆయన స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళినవారు, హైదరాబాదులో ‘మీజాన్’ తెలుగు పత్రికకు సంపాదకత్వం చేసినవారు. తెలుగువాళ్ళంతా ఒక్క పాలన కింద లేని రోజులు అవి. ఆ రోజుల్లో కూర్చుని కాకతీయుల గురించి ఎందుకు రాయాలనిపించింది? దీన్ని తప్పుగా లెక్కేయకూడదు. చారిత్రక నవలలో ఎప్పుడూ రెండు కాలాలుంటాయి, కథ జరిగిన కాలమొకటి, కథ రాసిన కాలమొకటి. పాప రెండోదాని మీద కనీసం ఒక పేజీ రాయాలి. చాలామంది ఈ పేజీనే వదిలేస్తారు.

అనకాపల్లి_అమ్మ
ఇది నిజంగా మాకు తట్టలేదు. రచయిత పరిచయం అని పుట్టిన ఊరు, తేదీ, బిరుదులు రాసింది. అది తీసేసి ఇది పెట్టమంటారా?

తెలుగు_పంతులమ్మ
తీసేయండి. రచయిత గురించి నవలకు పనికొచ్చే మాటలే ఉంచాలి. బాపిరాజుగారు చిత్రకారులు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర బొమ్మలు నేర్చారు. ఈ ముక్క శైలి దగ్గర అక్కరకొస్తుంది. పాపతో ఇలా చేయించండి. సభో, అలంకారమో, అడవో వర్ణించిన చోటు ఒకటి తీసుకుని అర పేజీ కాపీ రాయించండి. రంగును చెప్పే మాటల కింద ఎర్రగీత, చప్పుడును చెప్పే మాటల కింద నీలిగీత, కదలికను చెప్పే మాటల కింద పచ్చగీత గీయమనండి. ఒక్కోటీ ఎన్నో లెక్కపెట్టాలి. ఇలాంటివి మూడు చోట్ల చేస్తే చాలు. రంగులే ఎక్కువ తేలితే ‘ఇది చిత్రకారుడి కన్ను’ అని లెక్కతో సహా రాయొచ్చు. చప్పుళ్ళో కదలికో ఎక్కువ తేలితే అదే రాయాలి, నేనన్నానని రంగులని రాయకూడదు. ‘శైలి సరళంగా, మనోహరంగా ఉంది’ అనే వాక్యం ఏ పుస్తకానికైనా అతుకుతుంది కాబట్టి దానికి మార్కులుండవు.

గోదారి_గట్టు
పాత్రచిత్రణ మీద ఎవరూ రాయలేదు. అసలు పిల్లలు ఎక్కువ చెడగొట్టేది అదే. ‘గన్నారెడ్డి ధైర్యవంతుడు, మంచివాడు, రాజభక్తుడు, అందగాడు’ అని విశేషణాలు పేర్చుకుంటూ పోతారు.

తెలుగు_పంతులమ్మ
అవును. ఒక్కో గుణానికి మూడు ఆధారాలు అడగండి: పాత్ర చేసిన పని ఒకటి, పాత్ర అన్న మాట ఒకటి, అతని గురించి ఇంకొకరన్న మాట ఒకటి. మూడూ ఒకటే చెబితే పాత్ర తిన్నగా ఉన్నట్టు. ఒకదానితో ఒకటి కలవకపోతే అక్కడే అసలు విషయముంటుంది. గన్నారెడ్డి విషయంలో కలవవు. జనం గజదొంగ అంటారు, అతని పని చూస్తే రాణి శత్రువుల కాళ్ళు విరగ్గొట్టడం.

గోదారి_గట్టు
పంతులమ్మగారి మాటకు కొనసాగింపుగా, పాప రాసే తీరుకూ మారాల్సిన తీరుకూ నమూనా ఇస్తున్నాను.

ఇప్పుడు: ‘గన్నారెడ్డి చాలా ధైర్యశాలి. అతడు పెళ్ళికొడుకును ఎత్తుకుపోయాడు. అతడు రుద్రమదేవికి సహాయం చేశాడు.’

మార్చాక: ‘గన్నారెడ్డి మనకు మొదట పెళ్ళి చెడగొట్టిన దొంగగా తెలుస్తాడు. ఆ పెళ్ళి రుద్రమ శత్రువుల పొత్తు అని తెలిశాక అదే పని రాజభక్తిగా కనిపిస్తుంది. అతను చేసిన పని మారలేదు, మనకు తెలిసింది మారింది. కారణాన్ని ముందే చెప్పకుండా దాచి, పాఠకుడు కూడా లోకంతో పాటు అతన్ని అపార్థం చేసుకునేలా రచయిత చేశారు.’

రెండోదాంట్లో కథ ఒకటిన్నర వాక్యం. మిగతాదంతా రచయిత ఏం చేశారన్నదే. పైన పంతులమ్మగారు చెప్పిన 1, 2, 3 అంకెలు వేసి చూడండి, సరిపోతుంది. ఈ వాక్యాలు మాత్రం దించొద్దు, పాప తన మాటల్లో రాయాలి.

కథన_శిల్పం
గోదారి_గట్టుగారి నమూనా నుంచే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. గన్నారెడ్డి దొంగ వేషంలో ఉన్న రాజభక్తుడు. రుద్రమను తండ్రి మగపిల్లవాడిలా పెంచి రుద్రదేవుడని లోకానికి చూపించాడు. శాసనాలు కూడా ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అంటాయి. అంటే చరిత్ర ఇచ్చిన వేషం ఒకటి, రచయిత కల్పించిన వేషం ఒకటి. రెండూ ఆ సింహాసనం కోసమే. మా శాసనాలాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉందనుకుంటున్నాను. శాసనంలో ఖాళీగా ఉన్న పడుచుదనాన్ని దొంగతనంతోనే నింపడానికి కారణం, రుద్రమ వేషానికి జోడుగా నిలబడే ఇంకో వేషం కథకు కావలసి రావడం. ‘వేషం’ అన్నది ఈ నవలలో పదే పదే తిరిగే దారం. అన్నాంబిక అధ్యాయాల్లో ఆ దారం ఎలా సాగిందో పాపే వెతకాలి.

శాసనాల_వెంట
ఇది బాగుంది. నా మూడో గడి నిండింది. ఆ పట్టికా ఈ దారమూ కలిపి రాస్తే చరిత్రా సాహిత్యమూ రెండూ వచ్చినట్టే, ఇక మనకు పేచీ లేదు.

రాజాం_రవి
అయితే ఇతివృత్తం కింద ‘దేశభక్తి’ అని రాయకూడదా?

తెలుగు_పంతులమ్మ
ఒక్క మాటతో రాస్తే అది విషయం మాత్రమే. ఇతివృత్తాన్ని పూర్తి వాక్యంగా రాయాలి, ఎవరైనా కాదనడానికి వీలుండాలి. ‘దేశభక్తి గొప్పది’ అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అందులో చెప్పిందేమీ లేదు. ‘రాజ్యాన్ని కాపాడేవాళ్ళు కొన్నాళ్ళు తమ అసలు రూపాన్ని దాచుకోవలసి వస్తుందని ఈ నవల చూపుతుంది’ అంటే వాదించొచ్చు, నిరూపించొచ్చు. నిరూపణకు నవల మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి, మూడు చోట్ల నుంచి ఆధారం చూపాలి. మూడూ మొదటి యాభై పేజీల నుంచే వస్తే మిగతా పుస్తకం చదవలేదని దిద్దేవాళ్ళకు తెలిసిపోతుంది.

పాలమూరు_పిలగాడు
పేజీ నంబర్లతోని ఇంకో తిప్పలున్నది. ఒక్కొక్క ముద్రణల ఒక్కొక్క తీరు ఉంటయి. ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం మొదటి పేజీల రాసి, పేజీ నంబరు పక్కన అధ్యాయం పేరు గుడ రాయున్రి. సార్ దగ్గర వేరే ముద్రణ ఉన్నా దొరుకుతది.

ఫ్రీమాంట్_మనబడి
మార్కో పోలో మాట రాయొచ్చా? కాకతీయుల రేవు మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు, అక్కడ రాణి న్యాయంగా ఏలుతోందన్నాడు, సాలెగూడంత సన్నటి బట్టల గురించీ వజ్రాల గురించీ రాశాడు.

శాసనాల_వెంట
రాయొచ్చు, ఒక జాగ్రత్తతో. ఆయన ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఆ కాలంలోనే బతికినవాడు కూడా పొరబడతాడని చూపడానికి ఇది మంచి ఉదాహరణ. రెండు వాక్యాలు చాలు, దాన్ని పట్టుకుని పేజీలు నింపకండి. కాకతీయుల చరిత్రకు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి పుస్తకం జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి. ఇంకొకటి, చందుపట్ల శాసనం నవల వచ్చాక వెలుగులోకి వచ్చింది. రుద్రమ చివరి సంవత్సరాల విషయంలో నవలకూ ఆ శాసనానికీ తేడా కనిపిస్తే రచయితను తప్పుపట్టకూడదు.

గోదారి_గట్టు
దృష్టికోణం మరిచిపోయారు అందరూ. నవల సర్వసాక్షి కథనం, అంటే అన్నీ తెలిసినవాడు బయటి నుంచి చెప్పినట్టు ఉంటుంది, ‘నేను’ అని చెప్పే మనిషి లేడు. అది ఒక్క లైను రాసి వదిలేస్తారు. ఏ సన్నివేశంలో ఎవరి మనసులోకి వెళ్ళారు, ఎవరి మనసులోకి వెళ్ళలేదు అని చూడమనండి. పెళ్ళికొడుకు మాయమైన సన్నివేశం తెరిచి, అక్కడ గన్నారెడ్డి ఆలోచన మనకు చెప్పారా లేదా అన్నది ఒక్కటి గమనిస్తే ఆ శీర్షికకు సరిపడా సరుకు దొరుకుతుంది.

అనకాపల్లి_అమ్మ
అందరికీ దండాలు. పాప పక్కనే కూర్చుని చదివింది. పాత కాగితాల మీద అంకెలు వేస్తే ఒకటో రకం వాక్యాలు 118, రెండు 9, మూడు 2 వచ్చాయి. ఇప్పుడు అర్థమైంది ఎర్రసిరా ఎందుకో. పదిరోజులు ఎలా పంచుకోమంటారు?

తెలుగు_పంతులమ్మ
మొదటి మూడు రోజులు మళ్ళీ చదవడం, ఈసారి చీటీలతో. ఒక చీటీకి ఒకే సంగతి, వెనక అధ్యాయం, పేజీ. నలభై చీటీలు వస్తే చాలు. నాలుగో రోజు నేల మీద పరిచి గుంపులు చేయాలి, చీటీలు ఎక్కువ పడిన గుంపే ప్రాజెక్టుకు నడిమి విషయం. రెండు రోజులు చిత్తుప్రతి. ఏడో రోజు అంకెలు వేసి దిద్దుకోవడం. ఎనిమిది, తొమ్మిది శుభ్రప్రతి, పటం, పదకోశం. పదో రోజు ఖాళీగా ఉంచండి. పద్నాలుగు పేజీలు అక్కర్లేదు, ఎనిమిది సరిపోతాయి. అన్ని శీర్షికలకూ సమానంగా పంచొద్దు. పాత్రచిత్రణకూ ఆ వేషం సంగతికీ నాలుగు పేజీలు పోయినా ఫరవాలేదు, దృష్టికోణానికి అర పేజీ చాలు.

అనకాపల్లి_అమ్మ
పాప అడుగుతోంది: అన్నాంబికను ఏ గడిలో వేయాలి, చరిత్రలోనా కల్పనలోనా?

శాసనాల_వెంట
పేరు ఎక్కడిదైనా, ఆమె మనసులో మాటలన్నీ బాపిరాజుగారివే. రెండో గడిలో వేసి, పెళ్ళి ఆగిపోయిన రోజు ఆమె ఏమనుకుందో ఆ పేజీ చీటీ పక్కన పిన్ను చేయమనండి. మూడో గడి అక్కణ్ణుంచి తనే రాయగలదు.